కణశాస్త్రంలో పరిశోధన: మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల పిల్లలు, తల్లిదండ్రులు తరచుగా అడిగే ప్రశ్నలు

మాది కావలి దగ్గర పల్లె. పదిహేనేళ్లకు పైగా కణశాస్త్రంలో పరిశోధన చేస్తున్నాను. సంక్రాంతికి ఊరికి వచ్చినప్పుడల్లా ఎవరో ఒకరు పిల్లల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వస్తారు. ఒంగోలు, కందుకూరు, ఆత్మకూరు నుంచి ఫోన్లు వస్తాయి. ఊర్లు వేరైనా అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ఫోన్లో హడావుడిగా చెప్పిన జవాబు సగమే బుర్రకెక్కుతుంది, అందుకే ఇక్కడ రాసి పెట్టాను. ప్రశ్నలు అడిగినవాళ్ల మాటల్లోనే ఉన్నాయి. మీకు కావలసిన చోట నుంచి చదువుకోండి.

## చేరకముందు

కణశాస్త్రం అంటే ఏం చేస్తారు మేడం? రోజంతా మైక్రోస్కోపులో చూడటమేనా?

మన ఒంట్లో 30 లక్షల కోట్లకు పైగా కణాలున్నాయి. ఒక్కో కణం తిండి ఎలా తీసుకుంటుంది, చెత్త ఎలా పారేస్తుంది, ఎప్పుడు రెండుగా చీలుతుంది, చీలకూడని కణం చీలితే ఏమవుతుంది అన్నవే మా ప్రశ్నలు. క్యాన్సర్, షుగర్, వైరస్ జబ్బులు అన్నీ చివరికి కణంలో జరిగే గొడవలే.

చూడటం ఒక్కటే కాదు, కణాలను పెంచాలి కూడా. ఫ్లాస్కులో గులాబీ రంగు మీడియం, అంటే కణాలకి తిండి అందించే ద్రవం ఉంటుంది. అడుగున కణాలు చింతాకుల్లా పరుచుకుని అంటుకుని ఉంటాయి. మీడియం తీసేసి, ట్రిప్సిన్ అనే ఎంజైము కొద్దిగా పోసి, 37 డిగ్రీల ఇంక్యుబేటర్‌లో రెండు మూడు నిమిషాలు పెట్టి తీస్తే అవి ఒక్కొక్కటిగా పట్టు వదిలేస్తాయి. మైక్రోస్కోపు కింద గుండ్రంగా, ఉడికిన సగ్గుబియ్యంలా మెరుస్తూ తేలుతుంటాయి. వాటిని పంచి కొత్త ఫ్లాస్కుల్లో వేస్తాం. రెండు రోజులు పట్టించుకోకపోతే గులాబీ రంగు పసుపుకి తిరుగుతుంది. కణాలు వదిలిన ఆమ్లంతో మీడియం పుల్లబడిందని దాని అర్థం. అందుకే ఆదివారం కూడా ల్యాబుకి వెళ్లాల్సి వస్తుంది. పాడి ఉన్న ఇంట్లో పుట్టినవాళ్లకి ఈ మాట వివరించక్కర్లేదు.

నీట్‌లో సీటు రాలేదక్కా. బీఎస్సీలో చేరితే లైఫ్ పోయినట్టేనా?

పోలేదు. కానీ డాక్టర్ సీటు రాలేదన్న బాధతోనే చేరితే మూడేళ్లూ ఆ బాధతోనే గడుస్తాయి. ఒక పని చేసి చూడు. ఉల్లిగడ్డను గ్లాసు నీళ్ల మీద వేర్ల వైపు మాత్రం తడిసేలా పెట్టు. రెండు మూడు రోజుల్లో తెల్లటి వేర్లు వస్తాయి. పొద్దున్నే వేరు కొస కోసి, కాలేజీ ల్యాబులో అసిటోకార్మిన్ రంగు వేసి, బొటనవేలితో నలిపి మైక్రోస్కోపు కింద పెట్టు. విడిపోతున్న క్రోమోజోములు కనబడతాయి. అది చూశాక ఇంకో స్లైడు చేయాలనిపిస్తే నువ్వు సరైన చోటికే వచ్చావు. మార్కుల కోసం తప్ప చూడాలని లేకపోతే వేరే దారి వెతుక్కో, అందులో తప్పేమీ లేదు.

ఇంటర్ దాకా తెలుగు మీడియం. ఇంగ్లీషు రాకపోతే రీసెర్చ్ కుదురుతుందా?

నేనూ పదో తరగతి దాకా తెలుగు మీడియమే. పరిశోధనా వ్యాసాలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి, రాయాల్సిందీ ఇంగ్లీషులోనే. కాబట్టి తప్పదు. అయితే కావలసింది గడగడా మాట్లాడే ఇంగ్లీషు కాదు, చదివి అర్థం చేసుకుని, చిన్న చిన్న వాక్యాల్లో సూటిగా రాయగలిగే ఇంగ్లీషు. రోజూ ఒక వ్యాసం సారాంశం చదివి దాన్ని తెలుగులో ఇంట్లోవాళ్లకి చెప్పు. చెప్పలేకపోయావంటే ఇంకా అర్థం కాలేదన్నమాట. ఈ అలవాటు నాకు ఏ కోచింగూ చేయనంత మేలు చేసింది.

నెల్లూరులోనో ఒంగోలులోనో చదివితే సరిపోతుందా? హైదరాబాద్ పంపాలా?

డిగ్రీకి పంపాల్సిన పని లేదు. పీజీకి కూడా 2008లో పెట్టిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం మనకి దగ్గర్లోనే ఉంది. తేడా వచ్చేది పరికరాల దగ్గర. కాన్‌ఫోకల్ మైక్రోస్కోపు, ఫ్లో సైటోమీటరు లాంటివి చిన్న కాలేజీల్లో ఉండవు. ఆ లోటు సెలవుల్లో పూడ్చుకోవాలి. బెంగళూరు, ఢిల్లీ, ప్రయాగ్‌రాజ్‌లలోని సైన్స్ అకాడమీలు మూడూ కలిసి విద్యార్థులకు సమ్మర్ ఫెలోషిప్పులు ఇస్తాయి. దరఖాస్తులు చలికాలంలోనే పిలుస్తారు కాబట్టి ఏప్రిల్‌లో అడిగితే లాభం లేదు.

## పీహెచ్‌డీ

నెట్, జేఆర్‌ఎఫ్, గేట్ అని ఏవేవో అంటున్నారు. ఏది రాయాలి?

నెట్, గేట్ అనేవి పరీక్షలు. జేఆర్‌ఎఫ్ అంటే పీహెచ్‌డీ చేసేవాళ్లకి నెలనెలా ఇచ్చే ఫెలోషిప్. మొదట రాయాల్సింది సీఎస్‌ఐఆర్ (పరిశోధనశాలలు నడిపే కేంద్ర సంస్థ)-యూజీసీ నెట్, లైఫ్ సైన్సెస్ పేపరు. 3 గంటలు, 200 మార్కులు, తప్పుకి మార్కులు కోత. ఏ, బీ, సీ అని మూడు భాగాలు. సీ భాగానికే 100 మార్కులు, అక్కడ బట్టీ పనికిరాదు. ఒక ప్రయోగం ఇచ్చి ఫలితం ఎలా ఉంటుందో చెప్పమంటారు. మన పిల్లలు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. పాత ప్రశ్నపత్రాలు ముందేసుకుని, ప్రతి ప్రశ్నకీ మిగతా మూడు జవాబులు ఎందుకు తప్పో రాసుకుంటూ పోవాలి. డీబీటీ (కేంద్ర బయోటెక్నాలజీ విభాగం), ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి) వాళ్లు ఆ ఏడాది జేఆర్‌ఎఫ్ పరీక్షలు పెడితే అవీ, గేట్ కూడా రాయండి. సిలబస్ చాలావరకు కలుస్తుంది.

నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం తెచ్చుకుంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీకి దరఖాస్తు చేసుకోవచ్చని 2022 యూజీసీ నిబంధనలు చెబుతున్నాయి. నా మట్టుకు నేను పీజీ చేయమనే చెబుతాను. ఆ రెండేళ్లలో చెయ్యి తిరుగుతుంది.

పీహెచ్‌డీకి ఎంత ఖర్చవుతుంది? పొలం అమ్మాల్సి వస్తుందా?

అమ్మొద్దు. జేఆర్‌ఎఫ్ వస్తే ప్రభుత్వమే మీ పిల్లలకి డబ్బిస్తుంది. 2023 జనవరి నుంచి మొదటి రెండేళ్లు నెలకి రూ. 37,000, ఆ తర్వాత ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో)గా రూ. 42,000. హాస్టల్ ఇవ్వకపోతే ఇంటద్దె భత్యం అదనం. డబ్బు ఒక్కోసారి నెలల తరబడి ఆలస్యంగా పడుతుంది, అది మాత్రం నిజం. మూడు నెలల ఖర్చులకి సరిపడా చేతిలో ఉంచుకుని చేరితే మంచిది.

ఎన్నేళ్లు పడుతుందక్కా? ఐదేళ్లంటే మా నాయన ఒప్పుకోవట్లేదు.

ఐదు నుంచి ఆరేళ్లు. మూడేళ్లలో అయిపోతుందని చెప్పి ఒప్పించకు, నాలుగో ఏడు ఇంట్లో గొడవ అవుతుంది. ఉన్నది ఉన్నట్టు చెప్పు. కణాలు మన తొందర చూసి పెరగవు. జన్యువు మార్చిన ఒక కణవరస (ఒకే మూలం నుంచి ఫ్లాస్కుల్లో తరతరాలుగా పెంచే కణాలు) తయారుచేసి, సరిగా ఉందని నిర్ధారించడానికే ఆరు నెలలు పట్టొచ్చు.

గైడ్‌ని ఎలా ఎంచుకోవాలి?

ఆయన పేరు చూసి కాదు, ఆయన దగ్గర చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారో చూసి. చేరేముందు ఆ ల్యాబులో ఉన్న ఇద్దరు విద్యార్థులతో, బయటికి వచ్చేసిన ఒకరితో విడివిడిగా మాట్లాడు. "వారానికి ఒకసారైనా డేటా చూస్తారా? తప్పు జరిగిందని చెబితే వింటారా, అరుస్తారా?" ఈ రెండే అడుగు. తప్పు చెప్పుకోలేని ల్యాబులో తప్పుడు ఫలితాలు పుడతాయి.

ప్రయోగాలు ఫెయిలైతే పీహెచ్‌డీ ఆగిపోతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.

ఆగదు. ఫెయిలవ్వని వాళ్లని నేను చూడలేదు. నా రెండో ఏడాది సంగతి చెబుతాను. ఎనిమిది నెలలు ఒకే కణవరస మీద పనిచేశాను. ఫలితాలు ఒక వారం ఒకలా, ఇంకో వారం ఇంకోలా వస్తున్నాయి. నా చేతిలోనే లోపముందనుకుని రాత్రిళ్లు ఏడ్చాను. చివరికి ఒక సీనియర్ వచ్చి, "డీఎన్‌ఏ రంగు వేసి చూశావా?" అని అడిగాడు. వేసి చూస్తే కేంద్రకం చుట్టూ, కణం అంచుల దాకా సన్నటి నీలిచుక్కలు, ఇసుక చల్లినట్టు. మైకోప్లాస్మా అనే అతి చిన్న బ్యాక్టీరియా. దానికి కణకవచం ఉండదు కాబట్టి పెన్సిలిన్ పనిచేయదు. మీడియం మసకబారదు, మామూలు మైక్రోస్కోపుకి చిక్కదు. ఇంకో ల్యాబు నుంచి తెచ్చిన ఫ్లాస్కుతోనే అది వచ్చింది. పరీక్ష చేయకుండా వాడటం నా తప్పు. మొత్తం పారబోశాను.

ఆ రోజు నుంచి కొత్త కణాలు ఏవి వచ్చినా వేరే ఇంక్యుబేటర్‌లో పెట్టి, పీసీఆర్ పరీక్ష అయ్యాకే ముట్టుకుంటాను. కణవరస పేరు కూడా నమ్మను. 1951లో హెన్రియెటా లాక్స్ అనే ఆమె శరీరం నుంచి తీసిన హీలా కణాలు ఎంత బలంగా పెరుగుతాయంటే, ఇతర ఫ్లాస్కుల్లోకి చొరబడి వాటినే ఆక్రమించిన సందర్భాలు ఎన్నో బయటపడ్డాయి. ఊపిరితిత్తుల కణాలనుకుని ఏళ్లపాటు హీలా మీద పనిచేస్తే ఆ పేపర్ల (పరిశోధనా వ్యాసాల) గతి ఏమిటి? టెన్షన్ పడాల్సింది ఫెయిలైనందుకు కాదు, సరిచూసుకోనందుకు.

అమ్మాయి పీహెచ్‌డీ చేస్తే సంబంధాలు దొరకవంటున్నారు. నిజమేనా అమ్మా?

వయసు పెరుగుతుంది కాబట్టి మీ భయం నాకు అర్థమవుతుంది. మా అమ్మ కూడా ఇదే మాట నాలుగేళ్లు అన్నది. పెళ్లి మధ్యలో చేసుకున్నవాళ్లున్నారు, తర్వాత చేసుకున్నవాళ్లున్నారు. పీహెచ్‌డీ విద్యార్థినులకు ప్రసూతి సెలవుకి యూజీసీ నిబంధనల్లోనే చోటుంది. ఒకటి మాత్రం చెబుతాను: పెళ్లయ్యాక ఆపేస్తావా అని అడిగే ఇంటికి ముందే వద్దని చెప్పండి. ఐదేళ్ల చదువు ఆపడమంటే కోతకొచ్చిన చేను వదిలేయడమే.

## పేపర్లు, సైటేషన్లు, పేరు

పేపర్లో పేరు ముందుంటే గొప్పా, చివరుంటే గొప్పా?

మా రంగంలో ముందున్న పేరు చేత్తో పనిచేసినవాళ్లది, చివరున్నది ల్యాబు పెద్దది. మధ్యలో ఉన్నవాళ్లు సాయం చేసినవాళ్లు. పని మొదలుపెట్టేటప్పుడే ఎవరి పేరు ఎక్కడో మాట్లాడుకుని ఈమెయిల్లో రాసుకోండి. తర్వాత అడగడం కష్టం.

సైటేషన్ అంటే ఏంటి? ఎక్కువుంటే గొప్ప సైంటిస్టేనా?

మీ పేపరు ఆధారంగా ఇంకొకరు తమ పేపర్లో మీ పనిని పేర్కొంటే అది ఒక సైటేషన్. అంటే మీరు వేసిన బాట మీద ఎవరో నడిచారని.

ప్రపంచంలో అత్యధికంగా సైటేషన్లు వచ్చిన పేపరు ఏదో తెలుసా? ఏ మహా సిద్ధాంతమో కాదు. 1951లో ఆలివర్ లౌరీ బృందం ప్రచురించిన, ద్రావణంలో ప్రొటీన్ ఎంతుందో కొలిచే పద్ధతి. దానికి 3 లక్షలకు పైగా సైటేషన్లు. మన తెలుగువాడి ఉదాహరణ ఇంకా దగ్గరిది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి ప్రచురించారు. నేను పీజీలో ఉన్నప్పుడు ప్రాక్టికల్స్‌లో ఆ పరీక్షే చేశాను. పరీక్షనాళికలో లేత నీలం నెమ్మదిగా ముదురు నీలమవుతుంటే, ఇది మనవాడు కనిపెట్టినదని మాస్టారు చెప్పారు. ఒళ్లు గగుర్పొడిచింది. అదే సుబ్బారావుకి హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు.

కాబట్టి సైటేషన్ల సంఖ్య ఒక సంగతి చెబుతుంది: ఆ పని నలుగురి చేతికి అందిందని. పని లోతు ఎంతో అది చెప్పదు. తప్పుడు పేపర్లకీ, "ఈ ఫలితం మాకు రాలేదు" అని చెప్పడానికైనా సైటేషన్లు వస్తాయి. తన పేపర్లను తానే పేర్కొనేవాళ్లూ ఉన్నారు. ఎవరు, ఎందుకు పేర్కొన్నారో తెరిచి చదివితేనే అసలు విలువ తెలుస్తుంది.

హెచ్-ఇండెక్స్ ఎంత ఉండాలి మేడం?

2005లో హోర్హే హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త పెట్టిన కొలత ఇది. ఒకరికి ఆరు పేపర్లున్నాయనుకోండి. వాటి సైటేషన్లు 40, 22, 9, 6, 5, 3. కనీసం ఐదు సైటేషన్లున్న పేపర్లు ఐదున్నాయి, ఆరున్నవి ఆరు లేవు. కాబట్టి హెచ్-ఇండెక్స్ 5. 40 వచ్చిన పేపరుకి 4,000 వచ్చినా అది 5 దగ్గరే ఉంటుంది. వయసుతో పాటు పెరుగుతుందే గానీ తగ్గదు, కుర్రవాళ్లని పెద్దవాళ్లతో పోల్చడానికి అసలు పనికిరాదు. ఇంత ఉండాలి అనే గీత ఏదీ లేదు.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఎక్కువున్న జర్నల్లోనే వేయాలంటున్నారు గైడ్ గారు.

అది జర్నల్ (పరిశోధనా వ్యాసాలు వేసే పత్రిక) సగటు, మీ పేపరు విలువ కాదు. గత రెండేళ్లలో ఆ జర్నల్ వేసిన వ్యాసాలకి ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను వ్యాసాల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె. ఏ లైబ్రరీ ఏ జర్నల్ కొనాలో తేల్చుకోవడానికి పనికొచ్చిన లెక్కతో మనుషుల్ని తూచడం మొదలుపెట్టారు. దీన్ని గట్టిగా ఎదిరించిన వాళ్లలో కణశాస్త్రవేత్తలు ముందున్నారు. 2012 డిసెంబరులో శాన్ ఫ్రాన్సిస్కోలో అమెరికా కణశాస్త్ర సంఘం వార్షిక సమావేశం జరిగినప్పుడే డోరా ప్రకటనకు బీజం పడింది. ఉద్యోగాలూ నిధులూ ఇచ్చేటప్పుడు జర్నల్ అంకె చూడొద్దు, పని చూడండి అని దాని సారం.

అయినా మన దగ్గర చాలా ఇంటర్వ్యూల్లో ఈ అంకె ఇంకా అడుగుతున్నారు. కాబట్టి గైడ్ మాట కొట్టిపారేయమని చెప్పను. మీ పని చదవాల్సినవాళ్లు ఏ జర్నల్ చదువుతారో అక్కడికి పంపండి.

డబ్బు కడితే నాలుగు రోజుల్లో పేపర్ వేస్తామని మెయిల్ వచ్చింది. కట్టమంటారా?

వద్దు. తోటి శాస్త్రవేత్తలు పేపరు చదివి చేసే నిజమైన సమీక్షకి వారాలు, నెలలు పడుతుంది. మంచి జర్నళ్లలోనూ కొన్ని ఫీజు తీసుకుంటాయి, కానీ పేపరు తీసుకున్నాకే, సమీక్ష జరిగాకే. మీ పేరు తప్పుగా రాసి, పొగడ్తలతో మొదలుపెట్టి, రేపటిలోగా పంపమనే మెయిల్ ఏదైనా తీసేయండి. అక్కడ వేసిన పేపరు తర్వాత వెనక్కి తీసుకోవడం కూడా కష్టం.

బొమ్మ బాగా కనబడాలని కొంచెం సరిచేస్తే తప్పేముంది?

మొత్తం బొమ్మకి ఒకేలా వెలుతురు పెంచితే, ఆ సంగతి చెబితే, తప్పు కాదు. ఒక చోట చెరిపినా, ప్రొటీన్ ఉందని చూపే ఒక పట్టీని కాపీ చేసి ఇంకోచోట అంటించినా మోసమే. ఎలిజబెత్ బిక్ అనే శాస్త్రవేత్త, ఆమె సహచరులు 20,621 పేపర్లలోని బొమ్మల్ని పరిశీలించి 2016లో ప్రచురించారు. వాటిలో 3.8 శాతం పేపర్లలో అనుమానించాల్సిన బొమ్మలు దొరికాయి. దాదాపు పాతికలో ఒకటి. అసలు ఫైళ్లు ముట్టుకోకుండా ఒక హార్డ్ డిస్కులో తేదీతో దాచండి. పదేళ్ల తర్వాత అడిగినా తీసి చూపించగలగాలి.

## పీహెచ్‌డీ తర్వాత

అమెరికా పోక తప్పదా?

తప్పదని ఏమీ లేదు. కానీ ఇంకో ల్యాబు, ఇంకో పద్ధతి చూడటం అవసరం. అది బెంగళూరైనా సరే. బయటికి వెళ్లినవాళ్లు తిరిగి రావడానికి రామలింగస్వామి ఫెలోషిప్ లాంటివి ఉన్నాయి.

ఏళ్ల తరబడి చేసినా ఎవరూ పట్టించుకోకపోతే?

యోషినోరి ఒసుమి 43 ఏళ్ల వయసులో, 1988లో సొంత ల్యాబు మొదలుపెట్టారు. అప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోని పని ఎంచుకున్నారు: ఈస్టు కణంలోని చెత్తకుండీ లాంటి సంచి. చెత్తని కరిగించే ఎంజైములు లేని ఈస్టుని తీసుకుని, దానికి తిండి ఆపేసి, మామూలు మైక్రోస్కోపులో చూశారు. కొన్ని గంటల్లో ఆ సంచిలో చిన్న చిన్న ఉండలు చేరి గజిబిజిగా కదులుతున్నాయి. ఆకలేసిన కణం తనలోని భాగాలనే మూటగట్టి అరిగించుకుంటోంది. దాన్నే ఆటోఫజీ అంటాం. ఆ పని చెడిపోయిన ఈస్టు రకాలను వెతికిపట్టి 1993లో ప్రచురించారు. నోబెల్ 2016లో వచ్చింది, అది కూడా ఆయన ఒక్కరికే.

అందరికీ నోబెల్ రాదు. ఆయన కథ నేను చెప్పేది బహుమతి కోసం కాదు. 1988లో ఆ ఉండలు చూసినప్పుడు ఆయన గంటల తరబడి చూస్తూనే ఉన్నానని తర్వాత చెప్పుకున్నారు. ఆ గంటలు ఎవరి గుర్తింపుతోనూ పని లేనివి.

జీతం ఎంత వస్తుంది? ఉద్యోగం దొరక్కపోతే?

విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ మూలవేతనం రూ. 57,700, ఐసర్ (కేంద్ర విజ్ఞాన విద్యా, పరిశోధన సంస్థ) లాంటి చోట్ల గ్రేడ్-1కి రూ. 1,01,500, డీఏ అదనం. చేరేసరికి 33, 35 ఏళ్లు వస్తాయి. ఖాళీలు తక్కువ, ఇది దాచి చెప్పడం అన్యాయం. పీహెచ్‌డీ చేసిన చాలామంది టీకా, మందుల కంపెనీల్లో చేరుతున్నారు. హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో కణాలు పెంచడం చేతనైనవాళ్లకి పని ఉంది.

ఇదంతా చేసి మన జిల్లాకి ఏం లాభం?

నన్ను అందరికంటే గట్టిగా అడిగింది ఒక రొయ్యల రైతు. 1990ల మధ్యలో వైట్ స్పాట్ అనే రొయ్యల వైరస్ జబ్బు వచ్చినప్పుడు ఆయన చెరువు మూడు రోజుల్లో ఖాళీ అయింది. ఆయన ప్రశ్నకి జవాబు కణంలోనే ఉంది. వైరస్‌ని అర్థం చేసుకోవాలంటే దాన్ని ల్యాబులో కణాల మీద పెంచాలి. మనిషి కణాలు, ఎలుక కణాలు, చేప కణాలు కూడా ఫ్లాస్కులో తరతరాలుగా పెరుగుతాయి. రొయ్య కణాలు మాత్రం కొన్ని వారాలుండి చచ్చిపోతున్నాయి. దశాబ్దాలుగా ఎన్నో దేశాలవాళ్లు ప్రయత్నిస్తున్నా, హీలాలాగా అందరూ నమ్మి వాడుకునే రొయ్య కణవరస ఇంకా చేతికి రాలేదు. చెరువులూ హేచరీలూ ఇంటి పక్కనే ఉన్న పిల్లలు ఈ సమస్య పట్టుకుంటే బాగుంటుందని నా కోరిక.

ఇంకోటి ఫ్లోరైడ్. మన దేశంలో నీటి ఫ్లోరోసిస్‌ని మొదట గుర్తించింది అప్పటి నెల్లూరు జిల్లాలోనే, 1937లో వైద్యపత్రికలో వచ్చింది. పొదిలి, కనిగిరి, దర్శి వైపు పళ్ల మీద గోధుమరంగు చారలు, వంగిన నడుములు చూసి పెరిగినవాళ్లం. పంటి పింగాణీ కట్టే కణాలు, ఎముక కట్టే కణాలు ఫ్లోరైడ్‌కి ఎలా దారితప్పుతాయన్నది అచ్చంగా కణశాస్త్ర ప్రశ్న.

సైటేషన్లతో కొలవలేని లాభం కూడా ఉంది. నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాళెంలో పుట్టిన వరప్రసాద్ రెడ్డి 1993లో శాంతా బయోటెక్నిక్స్ పెట్టి, 1997లో దేశంలోనే తయారైన హెపటైటిస్-బి టీకా తెచ్చారు. ఈస్టు కణంతో వైరస్ ప్రొటీన్ చేయించి తీసిన టీకా అది. విదేశీ టీకా ధర సామాన్యుడికి అందని రోజుల్లో ఇది వచ్చి ధర దించింది.

మా పాపకి ల్యాబు ఒక్కసారి చూపించాలంటే ఎలా?

సెప్టెంబరు 26 సీఎస్‌ఐఆర్ స్థాపక దినం. ఆ సందర్భంగా సీఎస్‌ఐఆర్ ల్యాబులు విద్యార్థులకు తలుపులు తెరుస్తాయి. హైదరాబాద్ హబ్సిగూడలోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర కేంద్రం) కూడా వాటిలో ఒకటి. తేదీ, వేళలు ముందే వెబ్‌సైట్‌లో చూసుకోండి. కావలిలో రాత్రి సింహపురి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే పొద్దునకి సికింద్రాబాద్‌లో దిగుతారు, అక్కడి నుంచి ఆటోలో దగ్గరే. పాపకి ఒక నోటుబుక్కు ఇచ్చి పంపండి. మైక్రోస్కోపు దగ్గర వరుస పెద్దదిగా ఉంటుంది, అయినా తన వంతు వచ్చేదాకా నిలబడమనండి.